బొంకులదిబ్బ మీద ఈనాటి గిరీశం

విజయనగరంలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: పేరుమోసిన పాత నవలలను ఈ కాలంలోకో వేరే దేశంలోకో మార్చి మళ్ళీ రాసిన పుస్తకాలు చాలా వస్తున్నాయి కదా, కథ ముందే తెలిసిపోయాక పాఠకుడికి అందులో మిగిలే ఆనందం ఏమిటి, అసలు ఇది కొత్త కథ అల్లలేనివాళ్ళు పట్టుకునే దగ్గరి దారి కాదా? నేను శ్రీకాకుళంలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు సాహిత్యం పాఠం చెప్పి, ఉద్యోగ విరమణ తరువాత ఇక్కడి తెలుగు కథల గ్రంథాలయం కథానిలయంలో ఎక్కువ పొద్దు గడుపుతున్నవాడిని. ఈ ప్రశ్నను తరగతిలో చాలాసార్లు విన్నాను కాబట్టి కొంత విపులంగానే చెబుతాను. ప్రశ్నలోని రెండో సగానికి జవాబు ముందే ఇస్తున్నాను. దగ్గరి దారి అనుకుని ఈ పనికి దిగినవాళ్ళ పుస్తకాలు రెండో ముద్రణ దాకా కూడా నిలవడం కష్టం, ఎందుకంటే ఇది నిజానికి చుట్టుదారి.

కథ తెలిస్తే ఆనందం తగ్గుతుందన్న అనుమానం మన ప్రాంతపు ప్రేక్షకుడికి ఎన్నడూ కలగలేదు. తూర్పు భాగవతం చూడటానికి తెల్లవార్లూ చాపల మీద కూర్చున్న మా తాతల తరంలో, సత్యభామ అలక చివరికి ఏమవుతుందో తెలియనివారు ఒక్కరూ ఉండరు. ఈ ఏడు భామవేషం కట్టినవాడు ఆ అలకను ఎంత దూరం సాగదీస్తాడో, లేఖ రాసే ఘట్టంలో ఏ మాట దగ్గర ఆగుతాడో, మద్దెల వాయించేవాడికి ఎక్కడ సవాలు విసురుతాడో చూడటానికే వాళ్ళు కూర్చున్నారు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్ళకు గజ్జెలు కట్టుకుని హరికథకు నిలబడితే, కథలో ఏం జరుగుతుందో తెలుసుకుందామని వెళ్ళినవారు ఎవరూ లేరు. ఏమవుతుందన్న బెంగ తీరిపోయినప్పుడే ఎలా అవుతోందన్న దాని మీదికి మనసు మళ్ళుతుంది. తెలిసిన కథలో శ్రోత ఎదురుచూసేవాడు మాత్రమే కాదు, పోల్చి చూసేవాడు కూడా. పోల్చి చూడటంలో ఒక అధికారం ఉంది, ఆ అధికారం ఇచ్చే తృప్తి చిన్నది కాదు.

ఇక్కడ బుర్రకథ కట్టుబాటు ఒకటి గుర్తు చేసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. నడుమ తంబురా పట్టుకున్న కథకుడు ఉంటాడు, అతనికి ఇరువైపులా డక్కీలతో ఇద్దరు వంతలు ఉంటారు. వారిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు ఎప్పటిదో బొబ్బిలి యుద్ధం చెబుతుంటే, రాజకీయ వంత మధ్యలో అందుకుని ఈనాటి పన్నుల మాటో పక్క ఊరి సర్పంచి మాటో కలుపుతాడు. పాత కథకూ నేటి బతుకుకూ మధ్య తలుపు తెరిచే మనిషిని మన జానపదులు ప్రదర్శన లోపలే, జీతం ఇచ్చినట్టు, నిలబెట్టుకున్నారు. నేను మెచ్చే ఆధునిక తిరగరాతలన్నీ ఒక విధంగా రాజకీయ వంత లేచి తంబురా తానే అందుకున్న బుర్రకథలు.

రామాయణాన్ని మళ్ళీ ఎందుకు రాయాలన్న ప్రశ్నకు విశ్వనాథ సత్యనారాయణ గారు, లోకమంతా రోజూ తిన్న అన్నమే తింటున్నది, ఎవరి రుచి వారిది కనుక అన్న అర్థంలో ఒక పద్యం చెప్పారు. రాసేవాడి వైపు నుంచి అది గొప్ప జవాబే. చదివేవాడి వైపు నుంచి మాత్రం మరికొంత మిగిలి ఉంది. వండినవాడి రుచి వండినవాడిదే కావచ్చు, నేను ఆ పంక్తిలో కూర్చోవడానికి నా కారణం నాకుండాలి కదా.

ఆ కారణాన్ని వెతకడానికి మన నవల పుట్టిన చోటికే వెళ్ళవచ్చు. కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకంగా వచ్చింది. దానికి ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అన్నది అందరికీ తెలిసినదే. ఇంగ్లీషు కథలో మంచివాడైన మతాచార్యుడి సొమ్ము, అతను దాన్ని నమ్మి అప్పగించిన వర్తకుడు దివాలా తీసి పారిపోవడం వల్ల పోతుంది. వీరేశలింగం గారు ఆ వర్తకుడిని యథాతథంగా ధవళేశ్వరానికి తెచ్చి పెట్టలేదు. రాజశేఖరుడిని ముంచినవి అతని చుట్టూ చేరిన ముఖస్తుతులు, జాతకాల మీద నమ్మకం, బంగారం చేసి ఇస్తానన్నవాడి మాటలు. మంచివాడు చితికిపోవడమనే సంగతి మాత్రం అలాగే ఉంచి, గోదావరి ఒడ్డున మంచివాడు దేనివల్ల చితికిపోతాడో ఆయన వేరుగా ఆలోచించారు. ఆ నవల 1887లో ఇంగ్లీషులోకి అనువాదమైంది కూడా, అంటే బయలుదేరిన ఇంటికే మారువేషంలో తిరిగి వెళ్ళింది.

నా దృష్టిలో మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. పాత నవలను మార్చి రాసేవాడు బట్టలు, బళ్ళు, పేర్లు మార్చడం పెద్ద పని కాదు. ఆ కథలో మనుషులను ఆనాడు కట్టిపడేసిన తాడు ఒకటి ఉంటుంది. ఈనాడు, ఈ ఊళ్ళో ఆ పని చేస్తున్న తాడు ఏది అన్నది కనిపెట్టాలి. అది దొరికితే పాఠకుడు పాత కథను కాక తన ఇంటిని చదువుకుంటున్నట్టు ఉలిక్కిపడతాడు. అది దొరకకపోతే వేషాలే మిగులుతాయి.

జేన్ ఆస్టిన్‌ను ఇన్నిసార్లు తిరగరాయడానికి కారణం కూడా ఇదేనని నా అభిప్రాయం. 1813 నాటి ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ పెళ్ళిళ్ళ కథలా కనిపిస్తుంది కాని, దాని కింద ఉన్నది ఆస్తి కథ. అయిదుగురు కూతుళ్ళున్న ఇంట్లో ఎస్టేటు మగవారసుడికే చెందాలన్న కట్టడి ఉంది, తండ్రి కన్నుమూస్తే ఆ ఇల్లు దూరపు బంధువు పాలవుతుంది. హెలెన్ ఫీల్డింగ్ 1996లో ఆ కథనే ఈ కాలానికి మార్చి బ్రిడ్జెట్ జోన్స్ డైరీ రాసినప్పుడు లండన్ ఉద్యోగిని అయిన కథానాయికకు ఆ కట్టడి లేదు, ఆమె జీతం ఆమెకుంది. అందుకని రచయిత్రి, ముప్పై దాటినా ఇంకా పెళ్ళి కాలేదా అని విందుల్లో అందరూ అడిగే ప్రశ్నను తాడుగా పట్టుకుంది. అది పాత తాడంత గట్టిది కాదు కాబట్టే ఆ పుస్తకంలో నవ్వు ఎక్కువ, భయం తక్కువ. ఆస్టిన్ మరో నవల ఎమ్మాను కాలిఫోర్నియా పాఠశాలకు మార్చిన 1995 నాటి క్లూలెస్ సినిమా సంగతీ దాదాపు ఇంతే, అక్కడ కులీనత స్థానంలో తోటి పిల్లల్లో పలుకుబడి వచ్చింది. సెన్స్ అండ్ సెన్సిబిలిటీని 2000లో రాజీవ్ మీనన్ తమిళంలో తీసినప్పుడు మాత్రం మార్చవలసిన అవసరమే పెద్దగా రాలేదు. పెద్దాయన వీలునామా కొడుకు పేర ఉండటం, ఆడవాళ్ళు ఉన్న ఇల్లు వదిలి పట్నం చేరడం మనకు విడమరచి చెప్పవలసిన సంగతులు కావు. ప్రియురాలు పిలిచింది పేరుతో ఆ సినిమా తెలుగులో చూసినవారిలో చాలామందికి దాని వెనుక 1811 నాటి ఇంగ్లీషు నవల ఉందని తట్టనే తట్టదు, తట్టకపోవడమే ఆ తిరగరాత గెలుపు.

అదే కథను ఇవాళ పాలకొండలోనో బొబ్బిలిలోనో పెట్టి రాయాలంటే మళ్ళీ ఆలోచించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ చట్టం, దేశమంతటికీ 2005 సవరణ కూతురికి పిత్రార్జితంలో వాటా ఇచ్చాయి కనుక, ఆస్తి అంతా కొడుకుదే అని రాస్తే పాఠకుడు నమ్మడు. అయితే తండ్రి దినకర్మలు పూర్తయ్యీ కాకముందే అన్నదమ్ములు తెచ్చిన హక్కు విడుదల దస్తావేజు మీద, పుట్టిల్లు కావాలా వాటా కావాలా అని ఎవరూ నోటితో అడగకుండానే సంతకం పెట్టిన ఆడపడుచులు నాకు తెలిసిన ఇళ్ళలోనే ఎందరో ఉన్నారు. తాడు చట్టం నుంచి తప్పుకుని పసుపు కుంకుమల్లోకి, పండగ పిలుపుల్లోకి మారింది. ఆస్టిన్‌ను తెలుగులో తిరగరాయదలచినవారికి ఆ సంతకం ఒక్కటి చాలు, నాలుగు వందల పేజీలు నడుస్తాయి. ఎవరూ ఎందుకు రాయలేదో నాకు ఆశ్చర్యమే.

ఈ సంగతి పిల్లలకు ఉపన్యాసంగా చెప్పితే ఎక్కదని ఒక ఏడాది తరగతిలో ఒక అభ్యాసం పెట్టాను. గురజాడ రాసిన కన్యాశుల్కం నవల కాదు, నాటకం. కాని మన రెండు జిల్లాల పిల్లలకు నవలకన్నా దగ్గరగా ఉన్న పుస్తకం అదే. 1892లో విజయనగరంలోనే తొలిసారి ఆడింది, దాని మొదటి రంగం మొదలయ్యేది ఆ ఊళ్ళోని బొంకులదిబ్బ మీదనే. జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు దశాబ్దాల పాటు ఆడిన ఆ నాటకం గురించి ఇళ్ళలో పెద్దలు చెబుతూనే ఉంటారు. గిరీశాన్ని ఈనాటి విజయనగరానికి తీసుకురండి, నాలుగు పేజీలు చాలు అన్నాను.

ఎక్కువమంది గిరీశం చేతికి సెల్‌ఫోను ఇచ్చారు, చుట్ట తీసి సిగరెట్టు పెట్టారు, నల్లకళ్ళద్దాలు తగిలించి మోటారుసైకిలు ఎక్కించారు. చదివితే నవ్వు రాలేదు, ఎందుకో వాళ్ళకే అర్థం కాలేదు. చీపురుపల్లి వైపు నుంచి వచ్చే ఒక కుర్రవాడు మాత్రం వేరే దారి పట్టాడు. మూలంలో గిరీశాన్ని నిలబెట్టింది అతని తెలివి కాదు, ఇంగ్లీషు మీద ఎదుటివారికున్న మోజు అని అతను గ్రహించాడు. ఒక్కమాటు ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడండి, వింటాను అని గిరీశాన్నీ, అతని శిష్యుడైన తన కొడుకు వెంకటేశాన్నీ వెంకమ్మ మురిపెంగా అడిగే ఘట్టాన్ని పట్టుకున్నాడు. అతని కథలో గిరీశం హైదరాబాదులో దొడ్డిదారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు పుచ్చుకునే మనిషి. వెంకటేశం లాప్‌టాప్ ముందు కూర్చుని ఉత్తుత్తి ఇంటర్వ్యూ ఇస్తుంటాడు. వెనుక గుమ్మంలో తల్లి నిలబడి, నాలుగో గాజు ఎప్పుడు తాకట్టు పెట్టాలా అని లెక్క వేసుకుంటూనే, ఆ కంపెనీవాళ్ళతో ఇంకొక్క ముక్క మాట్లాడు నాయనా అంటుంది. తరగతి మొదట పగలబడి నవ్వింది, తరువాత చప్పబడిపోయింది. ఆ వరసలోనే కూర్చున్న ఇద్దరు ముగ్గురి ఇళ్ళలో అలా డబ్బు పోయింది. నూట ఇరవై ఏళ్ళ నాటి వెంకమ్మ వాళ్ళకు అప్పటిదాకా పరీక్షలో పాత్రచిత్రణ, ఆ రోజు నుంచి అమ్మ.

మీరు అడిగిన ఆనందం నాకు తెలిసినంతలో ఇదే. పాత పుస్తకం ద్వారా మన ఇల్లు కొత్తగా కనబడుతుంది, మన ఇంటి ద్వారా పాత పుస్తకం కొత్తగా వినబడుతుంది. ఈ రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి, అది పూర్తిగా కొత్త కథ ఇవ్వలేని సంగతి. బార్బరా కింగ్‌సాల్వర్ 2022లో డికెన్స్ డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌ను అమెరికాలోని అపలేషియన్ కొండసీమకు మార్చి డీమన్ కాపర్‌హెడ్ రాసి మరుసటి ఏడాది పులిట్జర్ అందుకుంది. అనాథ పిల్లవాడి వెనుక పడే పేదరికం అలాగే ఉంది. ఫ్యాక్టరీ చాకిరీ స్థానంలో పొగాకు పొలం చాకిరీ, పెంపకపు ఇళ్ళు వచ్చాయి, ఆపైన ఒక తరాన్నే మింగిన నొప్పిమందుల వ్యసనం వచ్చి చేరింది. డికెన్స్ పన్నెండేళ్ళ వయసులో బూటుపాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడని తెలిసినవారికి ఆ పొలం సన్నివేశాలు రెండు గొంతులతో వినిపిస్తాయి.

తిరగరాతలో మరొక రకం ఉంది. అది కాలాన్ని మార్చదు, కూర్చునే చోటు మార్చుతుంది. షార్లట్ బ్రాంటీ 1847 నాటి జేన్ ఐర్‌లో మేడమీద గదిలో కథానాయకుడు బంధించిన పిచ్చి భార్య ఒక అరుపు, ఒక నీడ, ఒక మంట. జమైకా నేపథ్యం నుంచి ఆమెను తీసుకుని జీన్ రీస్ 1966లో వైడ్ సర్గాసో సీ రాసింది. ఆమెకు బాల్యం ఇచ్చింది, ఆంటోనెట్ అన్న పేరు ఇచ్చింది, భర్త ఆ పేరు తీసేసి బెర్తా అని పిలవడం మొదలుపెట్టిన రోజు కూడా చూపించింది. అది చదివాక జేన్ ఐర్‌ను మునుపటిలా చదవలేము. పాత పుస్తకం అక్షరం మారకుండానే మారిపోతుంది. తెలుగులో ఓల్గా గారి విముక్త చేసింది ఇదే పని. సీత శూర్పణఖతో, అహల్యతో, రేణుకతో, ఊర్మిళతో మాట్లాడుతుంది, రాముడి కథ ఎక్కడిదక్కడే ఉంటుంది, మనం నిలబడిన అరుగు మారుతుంది.

మా తరగతి అభ్యాసంలోనూ ఒక అమ్మాయి ఈ దారిలోనే వెళ్ళింది. ఆమె గిరీశాన్ని వదిలేసి పూటకూళ్ళమ్మను పట్టుకుంది. సరుకులు తెస్తానని ఆమె దగ్గర డబ్బు పుచ్చుకుని గిరీశం ఎగవేశాడు, ఆమె చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది, ఆ దెబ్బ మంచం కింద దాగిన రామప్ప పంతులుకు తగిలింది, ప్రేక్షకులు నూరేళ్ళకు పైగా నవ్వారు. ఆమెకు నాటకంలో వృత్తిపేరే తప్ప పేరు లేదు. మనం నవ్విన ఆ దెబ్బ వెనుక ఒంటరి విధవరాలు పొయ్యి ముందు కూర్చుని కూడబెట్టుకున్న డబ్బు ఉందని ఆ అమ్మాయి నాలుగు పేజీల్లో రాసింది. గురజాడను ఎక్కడా తప్పుపట్టలేదు. ఆయన రాసినదానిలోనే ఉన్న ఒక ముడిని విప్పింది, అంతే.

యాస సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగిస్తే నాకు నిద్ర పట్టదు. పెర్సివల్ ఎవరెట్ 2024లో మార్క్ ట్వైన్ హకిల్‌బెరీ ఫిన్‌ను బానిస అయిన జిమ్ వైపు నుంచి జేమ్స్ అన్న నవలగా రాశాడు, దానికీ పులిట్జర్ వచ్చింది. ట్వైన్ నవలలో జిమ్ మాట్లాడేది విరిగిన ఇంగ్లీషు. ఎవరెట్ నవలలో అతను తనవాళ్ళ మధ్య చక్కటి ఇంగ్లీషు మాట్లాడతాడు, తెల్లవాళ్ళ ముందు మాత్రం వాళ్ళు ఆశించే విరిగిన భాష మాట్లాడాలని పిల్లలకు పాఠంలా నేర్పుతాడు. దీన్ని అమెరికా విమర్శకులు ఎంతగానో పొగిడారు, న్యాయమే. కాని శ్రీకాకుళం పాఠకుడికి ఆ అధ్యాయం విమర్శకుల సాయం లేకుండానే అందుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పై జిల్లాలో ఒక శిక్షణ తరగతికి వెళ్ళి, మా ఇంటి మాట ఒకటి నోరుజారితే హాలంతా నవ్వారు. అప్పటి నుంచి గది దాటితే ఒక తెలుగు, గుమ్మం లోపల ఒక తెలుగు. గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా మనిషికి ఈ గతి పట్టడం వేరే విషయం. జేమ్స్ పిల్లలకు పాఠం చెబుతున్న పేజీలు చదువుతున్నప్పుడు నాకు మిసిసిపీ నది కనబడలేదు, నవ్విన ఆ హాలు కనబడింది. తిరగరాత పాఠకుడికి మూలం ఇవ్వని చోటు ఇస్తుందంటే నాకు ఇదే అర్థం.

చెడిపోయే తిరగరాతల గురించి రెండు మాటలు చాలు. పాతకాలపు మనుషులందరినీ మూర్ఖులను చేసి, ఒక్క కథానాయికకు మాత్రం ఈనాటి బుద్ధులన్నీ పుట్టుకతోనే పెట్టి, వాళ్ళకన్నా మనం ఎంత మంచివాళ్ళమో అని పాఠకుడి వీపు తడిమే పుస్తకాలను నేను సగంలోనే మూసేస్తాను. గురజాడ అలా చేయలేదు. సంస్కర్త అయిన సౌజన్యారావు పంతులును ఎంతో గౌరవంగా చిత్రించి, వేశ్యల పొడ గిట్టని ఆయన నియమాన్ని మధురవాణి ముందు నిలబెట్టి తూచాడు. మన మంచితనాన్ని కూడా తూచే కథనే నేను మళ్ళీ చదువుతాను. ముగింపు మార్చవచ్చా అని కొందరు అడుగుతారు. మార్చవచ్చు. శరత్ 1917 నాటి దేవదాసు మన భాషలో 1953 సినిమా తరువాత ఒక మనిషి పేరు నుంచి మామూలు మాటగా మారిపోయాడు, 2009 నాటి హిందీ దేవ్.డిలో అతను చావకుండా బతికి బయటపడతాడు. అక్కడ చావు తప్పించినందుకు నాకు అభ్యంతరం లేదు, చంద్రముఖికి ఒక గతం ఇచ్చినందువల్ల ఆ బతుకు అర్హమైనదిగా కనిపించింది.

ఇక మూలం ముందు చదవాలా అన్నది. వైడ్ సర్గాసో సీకి ముందు జేన్ ఐర్ తప్పనిసరి, లేకపోతే సగం నష్టం. జేమ్స్‌కు ముందు ట్వైన్ చదివితే మంచిది. డీమన్ కాపర్‌హెడ్ దానంతట అదే నిలబడుతుంది, అది నచ్చితే డికెన్స్ దగ్గరికి వెళ్ళండి, ఆ వరసలో వెళ్ళిన విద్యార్థులు నాకు తెలుసు. మీరే రాయాలనుకుంటే ఒక జాగ్రత్త ఉంది. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి కనుక 1915లో పోయిన గురజాడను స్వేచ్ఛగా తిరగరాయవచ్చు, 1979లో పోయిన చలాన్ని ముట్టుకోవాలంటే వారసుల అనుమతి కావాలి.

మొదలుపెట్టడానికి మాత్రం ఇంగ్లీషు దాకా వెళ్ళనక్కరలేదు. కన్యాశుల్కాన్ని 1897లో అచ్చువేసిన గురజాడే 1909లో దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశాడు, తొలి కూర్పు కూడా తరువాత మళ్ళీ అచ్చయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, మధురవాణి ఏ పేజీ దగ్గర పెరగడం మొదలుపెట్టిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ చదవండి.